తల దొరకని కోటసారస్



మన లక్డీకాపూల్ పేరు ఎప్పుడైనా విప్పి చూశారా? లక్డీ అంటే కట్టె, పూల్ అంటే వంతెన. కట్టె వంతెన అన్నమాట. ఇవాళ అక్కడ బస్సు దిగి నాలుగు పక్కలా చూస్తే కట్టెతో కట్టిన వంతెన ఎక్కడా కనిపించదు. బస్సులు, ఆటోలు, నెత్తి మీద మెట్రో రైలు, కింద పాత రైలు పట్టాలు. కట్టె పోయింది, పేరు మిగిలింది. ఆ పేరును పట్టుకునే ఇక్కడ ఒకప్పుడు వంతెన ఉండేదనీ, అది కట్టెతో కట్టినదనీ చెప్పగలుగుతున్నాం. అది ఎంత వెడల్పు ఉండేదో, దాని మీద బండ్లు పోయేవో మనుషులే పోయేవారో మాత్రం ఆ పేరు చెప్పదు.

కొద్దిపాటి ఆనవాలు దొరికితే దానితో ఎంతవరకు చెప్పవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి? ఇవాళ మీతో ముచ్చటించదలచుకున్నది ఈ సంగతే. అయితే వంతెన గురించి కాదు, ఒక జంతువు గురించి. అది కూడా మన తెలుగు ఊరి పేరు పెట్టుకున్న జంతువు.

అమీర్‌పేట, పంజాగుట్ట వైపు నుంచి వచ్చేవారు లక్డీకాపూల్ దాటి సైఫాబాద్ మీదుగా కాస్త ముందుకు పోతే నౌబత్ పహాడ్ గుట్ట వస్తుంది. గుట్ట మీద తెల్లటి పాలరాతి బిర్లా మందిరం మీకందరికీ తెలిసినదే. దాని పక్కనే సైన్స్ మ్యూజియం. గుడికి పోయి, మెట్ల మీద కాసేపు కూర్చుని, హుస్సేన్‌సాగర్ గాలి పీల్చుకుని ఇంటికి వచ్చేసేవారమే ఎక్కువ. పక్క భవనంలోకి తొంగి చూసేవారు తక్కువ. ఆ మ్యూజియంలో 2000 సంవత్సరంలో తెరిచిన డైనోసార్ల విభాగం ఉన్నది. అందులో పొడుగు మెడ, పొడుగు తోక, స్తంభాల లాంటి నాలుగు కాళ్ళతో ఒక పెద్ద అస్థిపంజరం నిలబడి ఉంటుంది. దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్.

పేరు నోరు తిరగనట్టున్నా అందులో ఉన్నవన్నీ మనకు దగ్గర మాటలే. కోట అనేది ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర వైపు ఉన్న ఒక పల్లె. ఆ చుట్టుపక్కల రాతి పొరలకు ఆ పల్లె పేరే పెట్టారు. సారస్ అంటే గ్రీకు భాషలో బల్లి. యామన్‌పల్లి అంటారా, అప్పటి మన ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు. ఎముకలు దొరికింది అక్కడ. మొత్తం మీద "కోట రాళ్ళలో దొరికిన యామన్‌పల్లి బల్లి" అని అర్థం చెప్పుకోవచ్చు. డైనోసార్లను మనవాళ్ళు రాక్షసి బల్లులని అంటారు గానీ, ఇది ఎవరినీ పీక్కుతిన్నది కాదండి. ఆకూ అలమూ మేసి బతికిన సాధు జంతువు.

మా వాడకట్టులో తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒకడున్నాడు. అమెరికా డైనోసార్ల పేర్లు ఎక్కాల్లాగా అప్పజెబుతాడు. ఏది ఎన్ని అడుగులు, ఎన్ని పళ్ళు, అన్నీ వాడి నోట్లోనే. ఈ యామన్‌పల్లి జంతువు సంగతి నేను చెబితే ఆశ్చర్యపోయాడు. దాని తల ఎముకలు దొరకనే లేదని చెప్పగానే మాత్రం నన్ను పట్టేశాడు. "పిన్నిగారూ, తలే దొరకలేదంటున్నారు. మరి అది ఆకులు తినేదని ఎట్లా తెలిసింది?" అన్నాడు.

చూశారా, ఎంత మంచి ప్రశ్నో! ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

1970ల చివరి సంవత్సరాలలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వారు, అంటే జి.ఎస్.ఐ. వారు, యామన్‌పల్లి దగ్గర తవ్వకాలు జరిపారు. సుమారు 2400 చదరపు మీటర్ల స్థలంలో 840 దాకా ఎముకలూ, ఎముకల భాగాలూ దొరికాయి. మన హైదరాబాదు లెక్కలో చెప్పాలంటే రెండు వందల గజాల ఇళ్ళ స్థలాలు పధ్నాలుగు పక్కపక్కన వేస్తే ఎంతో, అంత చోటు. లెక్క వేసి చూస్తే అవి కనీసం పన్నెండు జంతువులవని తేలింది. పన్నెండింటిలో ఒక్కదాని తల కూడా లేదు. పళ్ళు మాత్రం రెండు దొరికాయి. పి. యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు వాటిని పరిశీలించి 1988లో ఈ పేరు పెట్టారు. 2001లో ఎముక ఎముకనూ వివరిస్తూ పెద్ద వ్యాసం వెలువరించారు.

తలలు ఏమైనట్టు? దానికీ కారణం చెబుతారు. ఈ జాతి జంతువులకు ఒళ్ళు ఎంత పెద్దదో తల అంత చిన్నది. పైగా ఆ తల పల్చటి ఎముకల కూర్పు. మెడ చివర గట్టిగా అతుక్కుని ఉండదు. జంతువు చచ్చి నీటిలో కొట్టుకుపోతే ముందుగా ఊడిపోయేది తలే, పగిలి ముక్కలయ్యేదీ తలే. వరద పోయిన తరువాత గోదావరి ఒడ్డున చూసిన వారికి ఇది విచిత్రం అనిపించదు. బరువైన రోలు ఇసుకలో కూరుకుని అక్కడే ఉంటుంది. పల్చటి మట్టి కుండ పెంకులై ఎక్కడో తేలుతుంది. యామన్‌పల్లి జంతువుల మంద కూడా వరద నీటిలో మునిగి కొట్టుకుపోయి, ఆ ఎముకలు ఒకచోట చేరి ఉండవచ్చని ఒక అభిప్రాయం. అది ఇవాళ్టి గోదావరి కాదు సుమా! సుమారు 18 కోట్ల సంవత్సరాల కిందటి మాట. అప్పటికి హిమాలయాలు లేవు. మన దేశం ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో ఒకే నేలగా కలిసి ఉండేది. అప్పట్లో ఇక్కడ పారిన ఏరు ఏదో, దాని ఒండ్రు గట్టిపడి ఇవాళ మనకు రాయిగా కనిపిస్తున్నది.

ఇక అసలు విషయం. శాస్త్రజ్ఞులు ఒక కొత్త జంతువుకు పేరు పెట్టేటప్పుడు దొరికిన వాటిలో ఒకదానిని "ఇదే మూలం" అని నిర్ణయిస్తారు. రేపు ఎవరికైనా సందేహం వస్తే ఆ మూలంతోనే పోల్చి చూడాలి. కొలతలకు అసలు గజం బద్ద ఉన్నట్టు. కోటసారస్‌కు అలా మూలంగా పెట్టుకున్నది ఒక్క తుంటి ఎముక. మనం బిందె నడుం మీద ఎత్తుకున్నప్పుడు బిందె అడుగు ఆనే ఎముక ఉంటుంది చూడండి, అదే. జంతువు పేరంతా ఆ ఒక్క ఎముక మీద నిలబడి ఉంది.

ఒక్క ఎముకా, అంటారేమో. అన్నం ఉడికిందో లేదో చూడటానికి మనం గిన్నె అంతా తోడి చూస్తామా? ఒక మెతుకు నొక్కి చూస్తాం. అయితే ఆ మెతుకు చెప్పేది ఉడికిందా లేదా అనే. ఉప్పు సరిపోయిందా అంటే పప్పు రుచి చూడాల్సిందే. ఏ ఎముక ఏ సంగతి చెప్పగలదో ఎరిగి అడగటంలోనే ఉంది తెలివి.

తుంటి ఎముక వెన్నుకూ కాలికీ మధ్య సంధి. ఒంటి బరువంతా దాని గుండానే కాళ్ళలోకి దిగాలి. తొడ ఎముక గుండు ఇరుక్కునే గుంట అందులోనే ఉంటుంది, కాళ్ళను కదిలించే పెద్ద కండరాలు దానికే అంటుకుని ఉంటాయి. కాబట్టి జంతువు ఎట్లా నిలబడేదో, బరువు ఎట్లా మోసేదో ఆ ఎముక చాలావరకు చెబుతుంది. దానికి తోడు తొడ ఎముకలు దొరికాయి. అవి వంపు లేకుండా స్తంభంలాగా నిటారుగా ఉన్నాయి. అంటే నాలుగు కాళ్ళ మీద నింపాదిగా నడిచిన భారీ జంతువు. పొడవు సుమారు 9 మీటర్లు, అంటే మన ఆర్టీసీ బస్సు కంటే కాస్త పొట్టి.

మరి ఆ పిల్లవాడి ప్రశ్న? దానికి జవాబు ఆ రెండు పళ్ళలో ఉంది. అవి మాంసం చీల్చే కత్తి అంచు పళ్ళు కావు. చెంచా ఆకారపు పళ్ళు. కొమ్మను నోట పట్టి ఆకు దూసుకోవటానికి పనికివచ్చేవి. మునగాకు కాడను వేళ్ళ మధ్య పట్టి ఒక్కసారి దూసేస్తాం చూడండి, అలాగన్నమాట. ఈ కుటుంబంలోని జంతువులు నమలవు. దూసినది దూసినట్టు మింగేస్తాయి. కడుపులో అది నెమ్మదిగా పులిసి అరగాలి. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసినట్టే, దానికీ పెద్ద పాత్ర కావాలి, వ్యవధి కావాలి. అందుకే అంత పెద్ద పొట్ట, ఆ పొట్టను మోయటానికి స్తంభాల కాళ్ళు, కదలకుండానే చుట్టూ అందుకోవటానికి పొడుగు మెడ. ఆ కాలానికి గడ్డి లేదు, పూలచెట్లు లేవు. ఫెర్న్ మొక్కలూ, దేవదారు జాతి చెట్లూ, ఈత చెట్టును తలపించే సైకాస్ జాతి మొక్కలూ ఉండేవి. వాటినే మేసి ఉండాలి. పన్ను ఒక మాట చెప్పింది, కాలు ఒక మాట చెప్పింది, చుట్టాలు ఒక మాట చెప్పారు. మూడూ కలిశాయి కాబట్టి శాకాహారి అన్నారు.

చుట్టాలని ఎందుకన్నానంటే, దీనికి దగ్గరలోనే ఇంకొక పెద్ద చుట్టం దొరికింది. పోచంపల్లి దగ్గర. చీరల పోచంపల్లి కాదండోయ్, ఇది వేరే ఊరు. కలకత్తాలోని భారత గణాంక సంస్థ వారు 1960, 61 ప్రాంతంలో అక్కడ సుమారు 300 ఎముకలు తవ్వి తీశారు. 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం. అందుకని 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బారా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. నిజంగా పెద్ద కాలే. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, అంటే మనలో చాలామంది కంటే పొడుగు. దానికీ తల దొరకలేదు, కొన్ని పళ్ళు తప్ప. ఆ అస్థిపంజరం కలకత్తాలో ఆ సంస్థ వారి మ్యూజియంలోనే నిలబెట్టారు.

గణాంక సంస్థకు ఈ ఎముకల పని ఏమిటి అనిపిస్తుంది. సంస్థను స్థాపించిన మహలనోబిస్ గారు లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రజ్ఞురాలిని పిలిపించారు. గోదావరి లోయలో శిలాజాల పరిశోధన ఆ సంస్థలో నిలదొక్కుకోవటానికి ఆమె మార్గదర్శకురాలు. మన ప్రాంతంలోనే దొరికిన ఇంకొక శాకాహార డైనోసార్‌కు 2007లో ఆమె పేరు మీదనే లాంప్లూసారా ధర్మారామెన్సిస్ అని పెట్టారు. లాంప్లూ అనేది ఆమె పూర్తి పేరులోని మాట. ధర్మారం మన ఊరి పేరు. ఒక పరాయి దేశపు స్త్రీ పేరూ, ఒక తెలుగు ఊరి పేరూ అలా జంటగా నిలిచిపోయాయి. అదే సంవత్సరం ప్రధానియా అని ఇంకొకదానికి పేరు పెట్టారు. అది ఏ దొర పేరూ కాదు, ఎండలో రాళ్ళ మధ్య తిరిగి శిలాజాలు ఏరిన ప్రధాన్ అనే సేకర్త పేరు. దాని ఎముకలు దొరికింది మరీ కొంచెం. 2011లో జక్లపల్లి పేరున జక్లపల్లిసారస్, నంబాల పేరున నంబాలియా వచ్చాయి. ఈ జక్లపల్లిసారస్‌కు వెన్నుపూసలు కొన్నీ, వెనక కాలి ఎముకలు కొన్నీ మాత్రమే ఆధారం. చీలమండ దగ్గరి ఒక ఎముక రెండు పక్కలా సమంగా లేకుండా వింతగా ఉంది. అటువంటిది మరి దేనికీ లేదు గనుకనే దానిని వేరే జంతువు అన్నారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట ఉంది. ఎముకలు కొద్దిగా ఉన్నా ఫరవాలేదు, కానీ ఆ కొద్దిలో "ఇది నాకే సొంతం" అనదగిన గుర్తు ఒకటుండాలి. అది లేకపోతే పేరు నిలవదు. మన దేశంలో మొట్టమొదట దొరికిన డైనోసార్ కథ అదే. 1828లో జబల్‌పూర్ దగ్గర స్లీమన్ అనే ఆంగ్లేయ అధికారికి కొన్ని ఎముకలు కనిపించాయి. 1877లో లిడెకర్ అనే పండితుడు రెండు తోక పూసల ఆధారంగా దానికి టైటనోసారస్ ఇండికస్ అని ఘనంగా పేరు పెట్టాడు. అటు తరువాత ఎక్కడెక్కడో, ఇతర ఖండాలలో దొరికిన ఎముకలకు కూడా ఆ పేరే తగిలించారు. వందేళ్ళు పైగా గడిచాయి. 2003లో ఇద్దరు శాస్త్రజ్ఞులు మళ్ళీ మొదటినుంచీ పరిశీలించి, ఆ పూసల్లో ఉన్న గుర్తులు ఇంకా చాలా జంతువులకు ఉన్నాయి, వీటితో ఒక జంతువును గుర్తుపట్టలేము అని తేల్చారు. పేరు చెల్లలేదు. పైగా అసలు పూసలు ఎక్కడున్నాయో కూడా చాలాకాలం ఎవరికీ తెలియలేదు. చివరికి ఒక పూస 2012లో కలకత్తాలో జి.ఎస్.ఐ. వారి పాత సేకరణలలోనే బయటపడింది. ఇంట్లోనే ఉంది, కనిపించలేదు అంతే. మన పోపుల డబ్బాల మీద చీటీ అంటించకపోతే ఏమవుతుందో మనకు తెలియనిదా!

దానితో పోలిస్తే కోటసారస్ పునాది గట్టిది. పేరు ఒక్క తుంటి ఎముక మీద ఉన్నా, వెనక వందల ఎముకలు సాక్ష్యానికి ఉన్నాయి. ఒకే చోట దొరికిన ఆ ఎముకలన్నీ ఒకే జాతివని ఎలా అన్నారంటే, ఒకే రకం ఎముకను పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నా పెద్దా తేడాయే గానీ రూపంలో తేడా కనిపించలేదు. తల్లులూ పిల్లలూ ఉన్న మంద అనుకోవచ్చు.

అయినా పండితుల్లో ఒక తగవు మిగిలే ఉంది. పొడుగు మెడ భారీ జంతువులను సారోపాడ్‌లు అంటారు. భూమి మీద నడిచిన వాటిలో అన్నింటికంటే పెద్దవి ఆ వంశంలోనివే. వాటికి ముందుతరం వారు చిన్నవి, చాలావరకు రెండు కాళ్ళ మీద నడిచేవి. కోటసారస్‌కు నిటారు తొడ ఎముక వంటి కొత్త లక్షణాలు ఉన్నాయి. అయితే ఆ తొడ ఎముక మీదే కండరం అంటుకునే ఒక చిన్న గట్టు పాతతరం వాటికి ఉన్నట్టే ఉంది. వెన్నుపూసలు కూడా తరువాతి వాటికి మల్లే గుంతలు దేరి తేలికపడలేదు, సాదాగా ఉన్నాయి. అందుకని కొందరు దీనిని తొలినాటి సారోపాడ్‌లలో ఒకటి అన్నారు. కొందరు ఇంకా గడపకు ఇవతలే ఉందన్నారు. గడప ఎక్కడ వేస్తామన్నదాన్ని బట్టి మాట మారుతుంది. ఒక మహా వంశం ఎట్లా మొదలయ్యిందో తెలుసుకోవాలనుకునే వారికి మన యామన్‌పల్లి ఎముకలు అందుకే అంత విలువైనవి. ప్రపంచంలో అటువంటివి దొరికిన చోట్లు చాలా కొద్ది.

ఇప్పుడు మ్యూజియంలోని అస్థిపంజరం దగ్గరికి మళ్ళీ రండి. దానికి తల ఉంది. తల దొరకలేదంటున్నారు, మరి ఇదెక్కడిది అని మీరు అడగాలి. దొరికిన పళ్ళనూ, చుట్టాల తలలనూ బట్టి ఊహించి చేసినది అది. మొండెం ఒక్కటే నిలబెడితే చూసేవారికి జంతువు ఇట్లా ఉండేదని అర్థం కాదు గదా! ఊహించటంలో తప్పేమీ లేదు. ఏది దొరికింది, ఏది ఊహించాము అనే గీత చెరిగిపోకుండా ఉండాలి, అంతే.

ఈ గీత శాస్త్రజ్ఞులకే కాదు, మనకూ అవసరమే. పక్కింటి అమ్మాయి రాత్రి తొమ్మిదింటికి ఆటో దిగిందంటే, మనకు కనిపించింది ఆటో, గంట, అమ్మాయి. ఆ మూడు పూసలకు మెడా, తలా, తోకా తగిలించి, తెల్లారేసరికి వీధంతా నడిపించే జంతువును తయారుచేసేవారు లేరంటారా? గోరంతను కొండంత చెయ్యటం అంటే అదే. తల దొరకలేదని ఒప్పుకోవటం ఎనిమిది వందల నలభై ఎముకలు తవ్వినవారికి నామోషీ కాలేదు. మనకెందుకు కావాలి?

పిల్లలను తీసుకుని ఒకసారి వెళ్ళండి. మ్యూజియంలో వాళ్ళను పరుగెత్తించి బయటికి తీసుకురాకుండా ఆ అస్థిపంజరం ముందు కాసేపు నిలబెట్టండి. మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో దొరికినది ఏది? ఊహించినది ఏది? అట్లా ఎందుకు ఊహించారు? జవాబులు వాళ్ళకు వెంటనే రాకపోయినా ఫరవాలేదు. ఆ ప్రశ్నలు అలవాటైతే రేపు ఫోనులో వచ్చిన ప్రతి మాటనూ నమ్మరు.

ప్రాణహిత, గోదావరి తీరాల అక్కచెల్లెళ్ళకు ఇంకొక మనవి. చేలో, గుట్ట వాలులో, కొత్తగా తవ్విన బావి గట్టున ఎముకలాగా ఉన్న రాయి కనిపిస్తే పగలగొట్టవద్దు, అందంగా ఉందని ఇంటికీ తేవద్దు. ఏ పొరలో, దేని పక్కన ఉందన్నది కూడా సాక్ష్యమే. చోటు మారిన ఎముక చిరునామా చిరిగిపోయిన ఉత్తరం లాంటిది. ఉన్నచోటనే ఉంచి, ఒక ఫొటో తీసి, గుర్తు పెట్టుకుని, బడి పంతులుగారి చేతనో పంచాయతీ చేతనో హైదరాబాదు బండ్లగూడలోని జి.ఎస్.ఐ. కార్యాలయానికి కబురు చేయించండి.

పన్నెండు జంతువుల తలలు పోయాయి. ఒక్కటైనా ఆ రాళ్ళలో ఎక్కడో ఉండవచ్చు. అది మొదట కనిపించేది పండితుడికే అని ఎక్కడా రాసిపెట్టి లేదు. కలుపు తీస్తున్న ఒక ఆడమనిషికి కనిపించవచ్చు. ఆ రోజున దానిని రాయి అని తోసెయ్యకుండా ఆగి చూసేందుకు ఈ నాలుగు మాటలూ పనికివస్తే నాకంతే చాలు.

సెలవు.